గోలీ పోయాడు

సిగ్గుండాలి మీకు. ఆ పాత డ్రెస్సింగ్ రూమ్ మాట ఎత్తగానే గొంతు తగ్గించి, భుజాలు ముడుచుకుని, "అమ్మో, చీకటి పడ్డాక అటు పోకూడదు" అంటారే— ఆ గదికి దెయ్యాల గదన్న పేరు ఎలా వచ్చిందో మీలో ఒక్కరైనా అడిగారా? ఫోనులో వీడియో వచ్చింది, నోరు తెరుచుకుని చూశారు. చూసి ఊరుకున్నారా అంటే అదీ లేదు, ఇంకొకరికి పంపారు. పంపేముందు, ఇది నిజమేనా అని మీ బొటనవేలు ఒక్క క్షణం ఆగి ఉంటే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు. ఇప్పుడు కూర్చుని వినండి. మధ్యలో ఫోను తీయకండి.

గ్రౌండుకి తూర్పు వైపు, పాత స్టాండు కింద ఉంది ఆ గది. కొత్త గదులు కట్టాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. గోడల వెంట చెక్క బల్లలు, బట్టలు తగిలించుకునే కొక్కేలు, లోపలికి తలుపు ఊడిపోయిన స్నానాల గది. బల్బు పోతే మళ్ళీ పెట్టినవాడు లేడు. పైపుల్లో గాలి చేరి రాత్రిళ్ళు టక్... టక్ మంటూ ఉండేది. అది పైపుల చప్పుడేనని గడ్డి కోసే పెద్దాయనకి తెలుసు, కాపలావాడికీ తెలుసు. తెలిసి కూడా అటువైపు గబగబా నడిచేవారు.

అంతవరకు అది ఉత్త భయం. దానికి ఒక మనిషిని, ఒక చావుని తగిలించినవాడు వేరే ఉన్నాడు.

వాణ్ణి అందరూ డైరెక్టర్ అనేవారు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, తనకు తనే పెట్టుకున్నాడు.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు చుట్టుపక్కల వీధుల్లోని కుర్రకారుకి సినిమా తీయడం నేర్పిస్తామని ఒక కార్యక్రమం పెట్టారు. చదువు మధ్యలో వదిలేసినవాళ్ళు, పని దొరక్క గోడలెక్కి కూర్చునేవాళ్ళు, ఎవరైనా రావచ్చు. కెమెరాలు, మైకులు క్లబ్బువే. నేర్పడానికి ఒక మేడమ్‌ని పెట్టారు. బాగా వచ్చిన సినిమాని సీజను ఆఖరి మ్యాచ్‌కి ముందు గ్రౌండులోని పెద్ద తెర మీద వేస్తారు. తీసినవాణ్ణి క్లబ్బు వీడియో విభాగంలో పనికి తీసుకుంటారు.

డైరెక్టర్‌కి కావలసింది ఆ పని. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. "మెడలో కెమెరా వేలాడేసుకు తిరిగేది కూడా ఒక పనేనట్రా?" అని రోజూ బూట్లు విప్పుతూ అడిగేవాడు. వాళ్ళమ్మ మాత్రం మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ "మావాడికి క్లబ్బులో ఖాయమైపోయింది" అని ముందే చెప్పేసింది. ఇక వాడు ఆ పని లేకుండా మెట్లెక్కలేడు. పాపం అనకండి. అటువంటి ఇరుకులో పడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు, అందరూ అబద్ధమాడలేదు.

వాడి జట్టులో ఇంకో ఇద్దరు. కెమెరా పట్టే కుర్రాడు పొడుగోడు. శబ్దం రికార్డు చేసే అమ్మాయి ఎప్పుడు చూసినా హెడ్‌ఫోన్లలోనే ఉండేది కాబట్టి చెవులపిల్ల.

ముగ్గురూ వెళ్ళి జెర్సీలక్కని మాట్లాడించారు. ఆటగాళ్ళ జెర్సీలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. వయసుకి అమ్మమ్మే, కానీ గ్రౌండులో అందరికీ అక్క. పాత డ్రెస్సింగ్ రూమ్ పక్కనే ఆవిడ బట్టల గది. గోల్ కాసేవాణ్ణి అక్కడ గోలీ అంటారు. ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపకుండానే ఒక పాత గోలీ గురించి చెప్పింది.

"మా రోజుల్లో ఒక గోలీ ఉండేవాడు బాబూ. బంతి ఎటు నుంచి వచ్చినా అతని చేతుల్లోనే ఉండేది. ఏం చేస్తాం, పోయాడు... పెద్ద జట్టువాళ్ళు పిలిచారని అవతలి ఊరు పోయాడు. ఆ రోజు ఆ పక్క గదిలో కూర్చుని అందరం ఏడ్చాం."

ఇంతలో ఒక గండుపిల్లి బల్ల మీదికి దూకింది. దాని గురించి అడిగితే ఆవిడ మొహం విప్పారింది.

"వాడిది ఈ చోటే. పగలు ఎక్కడ తిరుగుతాడో ఏమో, రాత్రయితే వచ్చేస్తాడు. ఆ పాత గదిలో బల్ల కింద కూర్చుంటాడు. చీకట్లో కళ్ళు మాత్రం మెరుస్తుంటాయి. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని, ఇప్పుడు అలవాటైపోయింది."

ఆ సాయంత్రం డైరెక్టర్ తల పట్టుకు కూర్చున్నాడు. "సబ్బు, మరక, పిల్లి. ఇందులో కథెక్కడుంది? దీన్ని పెద్ద తెర మీద వేస్తే జనం లేచి మంచినీళ్ళకి వెళ్ళిపోతారు."

కంప్యూటర్ ముందు కూర్చుని, ఇక్కడ ఒక ముక్క కోశాడు, అక్కడ ఒక ముక్క అతికాడు. మళ్ళీ వేస్తే, అదే అక్క, అదే గొంతు— "మా రోజుల్లో ఒక గోలీ ఉండేవాడు... ఏం చేస్తాం, పోయాడు... ఆ పక్క గదిలో కూర్చుని అందరం ఏడ్చాం... వాడిది ఈ చోటే... రాత్రయితే వచ్చేస్తాడు... చీకట్లో కళ్ళు మాత్రం మెరుస్తుంటాయి..."

పొడుగోడి చేతుల మీద వెంట్రుకలు లేచాయి. చెవులపిల్ల హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"ఆవిడ అన్నది ఇది కాదు."

"ప్రతి మాటా ఆవిడదే. నేనొక్క అక్షరం కలిపానా?"

"కలపలేదు. తీసేశావు."

"దాన్నే ఎడిటింగ్ అంటారు తల్లీ."

"మేడమ్ మొదటి రోజే ఏం చెప్పింది? మాటని కత్తిరించుకోండి గానీ మనిషి ఉద్దేశాన్ని కత్తిరించకండి అంది." ఆ పిల్ల తెర వైపు వేలు చూపించింది. "పైగా ఆవిడ గోలీని అతను అంటుంది. పిల్లిని వాడు అంటుంది. విన్నవాళ్ళు పట్టేస్తారు."

"దెయ్యానికి మర్యాదేమిటి? వాడు అంటే చాల్లే."

పొడుగోడు గొణిగాడు. "ఆ గోలీ బతికే ఉంటేనో?"

"ఆ కాలం మనిషి ఇంకా ఉంటాడా? పోయే ఉంటాడు. ఉన్నా, వచ్చి నన్నడుగుతాడా?"

మర్నాడు ట్రైలర్ అని ఆ ముక్కని బయటికి వదిలాడు. ఇక మీకు తెలిసిందే. మీ వేళ్ళ పుణ్యమా అని సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. రాత్రి షిఫ్టు చేయనని కాపలావాడు చెప్పేశాడు. అక్కకి సాయం చేసే ఇద్దరు ఆడవాళ్ళు చీకటి పడకముందే ఇళ్ళకి పోవడం మొదలుపెట్టారు. గేటు దగ్గర ఆటో కుర్రాళ్ళు "ఏమక్కా, నిన్న రాత్రి వచ్చాడా? టీ ఇచ్చావా?" అని ఆటపట్టించేవారు.

ఆవిడ డైరెక్టర్‌ని వెతుక్కుంటూ వచ్చింది. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడింది.

"బాబూ... గోలీ చచ్చిపోయాడని నేనన్నానా?"

"మీ నోటితోనే అన్నారక్కా. చూడండి, మీ పెదాలే కదులుతున్నాయి."

ఆవిడ చూసింది. మళ్ళీ వేయమని, మళ్ళీ చూసింది.

"నా పెదాలే," అంది మెల్లగా. "మరి నాకెందుకు గుర్తు లేదు? మతిపోతోందా నాకు?"

"వయసు కదక్కా," అన్నాడు వాడు.

ఇక్కడ ఆగండి. మీరు భయపడాల్సిన చోటు ఇదే. చీకటి లేదు, పైపుల చప్పుడు లేదు, పట్టపగలు, ట్యూబులైటు కింద ఒక కుర్రాడు నవ్వుమొహంతో ఒక పెద్దావిడ మతిని ఆవిడ చేతే అనుమానింపజేశాడు. దీనికి భయపడనివాళ్ళు తర్వాత వచ్చేదానికి భయపడి లాభం లేదు.

మేడమ్ కూడా అడిగింది. "ఆవిడ నిజంగా ఇలాగే అందా?"

"అంది మేడమ్."

"అయితే కోయని రికార్డింగు చూపించు."

"రేపు చూపిస్తాను." రేపటికి ఇంకో రేపు దొరికింది.

ఇక ఆఖరి షాట్ మిగిలింది. ఆ గదిలోకి రాత్రిపూట ఒంటరిగా వెళ్ళి, దెయ్యాన్ని పిలవాలని డైరెక్టర్ ఆలోచన. ఫోనుతో తనను తనే తీసుకుంటాడు. చొక్కాకి కాలర్ మైక్ పెట్టుకుంటాడు. ఆ మైకులో పడిన ప్రతి శబ్దం బయట నడవాలో కూర్చున్న చెవులపిల్ల హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది, రికార్డవుతుంది.

"మాట్లాడి చూడు," అంది ఆ పిల్ల మైకు పెట్టి.

"దెయ్యాలన్నీ తయారుగా ఉన్నాయా?" అని వాడు నవ్వాడు. పొడుగోడు నవ్వలేదు.

గ్రౌండు దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆ రాత్రి గది తాళం ముందే తీసి ఉంది. డైరెక్టర్ దాన్ని పట్టించుకోలేదు. కాపలావాడు వెళ్ళేముందు తీసి ఉంచాడనుకున్నాడు. తలుపు తోసి లోపలికి వెళ్ళి, వెనక మూసేశాడు.

తడి సున్నం వాసన. పాత చెమట వాసన. ఫోను వెలుగు ఒక బల్లంత దూరం మించి పోవడం లేదు.

టక్...

పైపు. వాడికి తెలుసు.

టక్... టక్...

పైపే. వాడికి తెలుసు, కానీ ఈసారి తెలియడం సరిపోలేదు.

చిత్రం చూడండి. ఈ గదిలో దెయ్యం లేదని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాడు వాడే. దాన్ని తయారుచేసింది తనే. అయినా నలుగురితో చెప్పిన అబద్ధం ఊరంతా తిరిగి, పెద్దదై, ఎవరి అబద్ధమో కూడా మరిచిపోయి, ఇప్పుడు తిరిగి వాడి ముందే కూర్చుంది.

గొంతు సవరించుకుని ఫోను వంక చూశాడు. రాసుకున్న మాట చెప్పాడు.

"గోలీ గారూ... మీరిక్కడే ఉంటే... ఒక్క మాట మాట్లాడండి."

పైపు చప్పుడు ఆగింది.

స్నానాల గదిలోంచి ఒక గొంతు, తాపీగా—

"ఏం మాట్లాడమంటావు?"

ఫోను చేతిలోంచి జారి బల్ల కింద పడింది. వెలుగు నేలకి బోర్లా పడి ఆరినట్టయింది.

"పొడుగోడా... నువ్వేనా?"

"నేనిక్కడున్నాన్రా," నడవాలోంచి పొడుగోడి గొంతు, చాలా దూరం నుంచి వచ్చినట్టు. "ఏమైంది?"

లోపల ఎవరో లేస్తున్న చప్పుడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి గోడ పట్టుకుని లేచే చప్పుడు. అడుగు... ఆగి... ఇంకో అడుగు.

"నన్ను చంపింది నువ్వేనా?"

"నేను... నేనెవర్నీ చంపలేదు."

"మరి నేనెలా పోయాను?"

"మీరు పోలేదండీ." వాడు తలుపు కోసం వెనక్కి తడుముకున్నాడు. "మీరు... అవతలి ఊరు పోయారు. పెద్ద జట్టుకి. ఆ అవతలి ఊరు అన్న ముక్క నేను కోసేశాను."

"ఓహో. మరి రాత్రయితే వచ్చేది?"

"అది... పిల్లి."

"పిల్లా?" అని వినిపించింది. ఆ గొంతులో కాస్త నొచ్చుకున్నట్టుంది.

"పిల్లేనండీ. కళ్ళు మెరిసేది కూడా దానివే. అతికింది నేనే. మా చెవులపిల్ల వద్దంది, నేనే వినలేదు."

"అక్క వచ్చి అడిగితే ఏం చెప్పావు?"

డైరెక్టర్ కింద కూలబడ్డాడు. అడుగు ఇంకొకటి దగ్గరైంది.

"మీరే అన్నారని చెప్పాను. మతిపోతోందా అని ఆవిడ అడిగింది... వయసు కదా అన్నాను. ఆవిడకేం కాలేదు. అబద్ధం నాది. నన్ను వదిలేయండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నిన్నిక్కడ పట్టుకున్నదెవరు?" అంది గొంతు.

తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు లోపలికి పడింది. వెలుగులో ఒక పొడవాటి ముసలాయన, నలిగిన చొక్కా, భుజాన చేతిసంచి, వెడల్పాటి అరచేతులు. నీడ కూడా ఉంది. టార్చి పట్టుకున్నది పొడుగోడు. వాడి పక్కన చెవులపిల్ల— కానీ ఆమె తల మీద హెడ్‌ఫోన్లు లేవు. అవి మేడమ్ చెవులకి ఉన్నాయి. ఎన్ని రేపులైనా రాని రికార్డింగు కోసం తనే వచ్చి, నడవాలో కూర్చుని, వాడు తలుపు వేసుకున్న దగ్గర నుంచి ప్రతి ముక్కా వింది. ఆ మాటల్ని కోసేవాడు అక్కడ లేడు.

మేడమ్ హెడ్‌ఫోన్లు తీసింది.

"మీరు... బతికే ఉన్నారా?" అన్నాడు డైరెక్టర్.

"నిన్నటిదాకా నాకెప్పుడూ అనుమానం రాలేదు," అన్నాడు గోలీ.

బల్ల మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ చెప్పాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాడికి సులువయ్యేది.

"నేనుండేది అవతలి ఊరే. మా అమ్మ ఇక్కడే, రెండు వీధుల అవతల మా చెల్లెలి దగ్గర ఉంటుంది. అమ్మకి ఈ మధ్య ఏదీ నిలవడం లేదు. పొద్దున తిన్నది గుర్తుండదు. మా చెల్లెల్ని ఎవరమ్మా నువ్వు అంటుంది. మనవరాలు ఫోనులో నీ వీడియో చూస్తుంటే పక్కనుంచి చూసింది. ఆ ఒక్కటి మాత్రం మనసులో దిగబడిపోయింది. కొడుకు పోయాడని."

"చెల్లెలు ఫోను చేస్తే పరిగెత్తుకొచ్చాను. తలుపు తట్టాను. అమ్మే తీసింది. నన్ను చూసి, మళ్ళీ వేసేసుకుంది. 'పోయినవాడివి ఇంకా ఎందుకు తిరుగుతున్నావు నాయనా' అని లోపలి నుంచి ఏడుపు. నేనక్కడ ఉన్నకొద్దీ ఆవిడకి భయం. అక్క దగ్గరికొచ్చాను. ఈ గదిలో పడుకోమని తాళం తీసింది. కోసి అతికారని నాకు వీడియో చూడగానే తెలిసింది. అక్క నన్ను ఏనాడూ వాడు అని ఎరగదు. అదే చెబితే పాపం, అప్పుడు ఏడ్చింది, నా మతి బాగానే ఉందన్నమాట అని."

తర్వాత జరిగింది త్వరగానే చెప్తాను. ట్రైలర్ తీసేశారు. తీసేస్తే పోయేది కాదది, మీ ఫోనుల్లో ఇంకా ఉంది. సీజను ఆఖరి మ్యాచ్ రోజు పెద్ద తెర మీద అక్క మాటలు ఒక్క కోత లేకుండా వేశారు. సబ్బు, మరక, గోలీ, పిల్లి. జనం మంచినీళ్ళకి లేవలేదు. పిల్లి రాగానే స్టాండులన్నీ నవ్వాయి, అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. క్లబ్బు పనికి చెవులపిల్లని తీసుకున్నారు. డైరెక్టర్ ఆ రోజు ఇంటి మెట్లు ఎలా ఎక్కాడో వాళ్ళమ్మకే తెలియాలి. వాళ్ళ నాన్న మాత్రం బూట్లు విప్పుతూ ఏమీ అడగలేదట. అదే ఎక్కువ బాధ పెట్టిందట.

అది శిక్ష అనుకుంటున్నారేమో. కాదు. పని పోవడం శిక్షేమిటి, రేపు ఇంకోటి దొరుకుతుంది.

ఆదివారం గోలీ డైరెక్టర్‌ని తన తల్లి దగ్గరికి తీసుకెళ్ళాడు. తను మెట్ల మలుపులో ఆగి, వాణ్ణి ముందు పంపాడు. పెద్దావిడ తలుపు సందులోంచి చూసింది.

"ఎవరు నువ్వు?"

"మీ అబ్బాయి పోయాడని అబద్ధం చెప్పినవాణ్ణి, అమ్మమ్మా."

ఆవిడ వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. "అబద్ధమా?"

"అబద్ధమే. ఆయన ఇక్కడే ఉన్నారు. పిలవమంటారా?"

ఆవిడ తిట్టింది. మీ అమ్మకి ఎవరైనా ఇలా చెబితే నీకెలా ఉంటుందని అడిగింది. తల్లి కడుపు గురించి అడిగింది, నీకు అన్నం ఎలా దిగిందని అడిగింది. వాడు తలవంచుకుని విన్నాడు. అప్పుడు తలుపు పూర్తిగా తెరిచింది. కొడుకు పైకొస్తే మొహమంతా చేత్తో తడిమి, చిక్కిపోయావంది. డైరెక్టర్ గుమ్మం బయటే నిలబడి చూశాడు. అయిపోయిందనుకుని, తేలిగ్గా ఊపిరి తీసుకుని మెట్లు దిగాడు.

వారం తిరిగేసరికి గోలీ చెల్లెలు ఫోను చేసింది. అమ్మ అన్నీ మరిచిపోయింది. ఈ కుర్రాడు వచ్చింది మరిచింది, కొడుకు పక్కన కూర్చున్నది మరిచింది. కొడుకు పోయాడన్నది మాత్రం ఉంది.

మళ్ళీ వెళ్ళాడు. ఎవరు నువ్వు అంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మొదటిసారి విన్నట్టే తెల్లబోయింది, మొదటిసారి తిట్టినట్టే తిట్టింది.

ఒక వారం తెలివి ఉపయోగించాడు. తన మాటలు తనే వీడియో తీసి, ఇది చూపించండి చాలని చెల్లెలికి పంపాడు. పెద్దావిడ చూసి ఫోను పక్కకి తోసేసింది. "ఫోనులోనే కదూ పోయాడన్నారు. ఇప్పుడు ఫోనులోనే ఉన్నాడంటున్నారు. మనిషెవరైనా వచ్చి చెప్పండి."

అందుకని మనిషే వెళ్తున్నాడు. వాడికిప్పుడు ఎక్కడో గోదాములో పని దొరికింది, పెళ్ళి మాటలు కూడా నడుస్తున్నాయి. ఆదివారం మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేడు. తల దువ్వుకుని, ఆ మెట్లెక్కి, తలుపు తట్టి నిలబడతాడు. మలుపులో గోలీ, మోకాళ్ళు నొప్పెడుతున్నా, గోడకానుకుని ఎదురుచూస్తుంటాడు.

లోపలి నుంచి ప్రతిసారీ అదే ప్రశ్న వస్తుంది.

"ఎవరు నువ్వు?"

డైరెక్టర్‌ని అని వాడు ఆ గుమ్మంలో ఇంతవరకు చెప్పుకోలేకపోయాడు.